వడ్డెమాన్ నుంచి టోక్యో దాకా రాముడి దారి

శ్రీరామనవమి వస్తోందంటే ఆదివారం అనుబంధంలో రాముడి మీద ఒక వ్యాసం ఉండి తీరాలి. భద్రాచలం గురించి ఏటా రాస్తూనే ఉన్నాం. ఈసారి కృష్ణమ్మకు రెండు వైపులా ఉన్న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సీమలో బయల్దేరి జపాన్ దాకా వెళ్లొద్దాం. దారి కొంచెం వంకరే.

నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి మండలంలో నందివడ్డెమాన్ అనే ఊరుంది. శనిదోషం వదిలించుకునేందుకు జనం వెళ్లే శనీశ్వరాలయం అక్కడిదే. కాకతీయుల నాడు ఆ ఊరు వర్ధమానపురం, గోనవారి రాజధాని. గోన గన్నారెడ్డి అంటే ఈ తరానికి ‘రుద్రమదేవి’ సినిమాలో అల్లు అర్జున్ గుర్తొస్తాడు, వెనకటి తరానికి అడివి బాపిరాజు నవల గుర్తొస్తుంది. కత్తి పట్టినవాడికి దక్కిన పేరు అదే ఇంట్లో గంటం పట్టినవాడికి దక్కలేదని నా ఫిర్యాదు. ఆ గంటం గోన బుద్ధారెడ్డిది. 13వ శతాబ్దిలో రంగనాథ రామాయణాన్ని యుద్ధకాండ దాకా ద్విపదల్లో నడిపించాడు. ఉత్తరకాండను ఆయన కొడుకులు కాచవిభుడు, విఠలరాజు పూర్తి చేశారు. కావ్యం రాసింది బుద్ధారెడ్డా, రంగనాథుడనే మరో కవా అని పండితులు చాలాకాలం తగువులాడారు. మనం బుద్ధారెడ్డి పక్షాన నిలబడదాం.

ద్విపద పాడుకోవడానికి పుట్టిన ఛందస్సు. రెండేసి పాదాలు, ఒక నడక, చదువు రానివాడి నోట కూడా నిలుస్తుంది. వాల్మీకిలో కనబడని జనం కథలెన్నో బుద్ధారెడ్డి తన కావ్యంలోకి రానిచ్చాడు. వారధి దగ్గర ఇసుక మోసిన ఉడుత, సీత గుడిసె ముందు లక్ష్మణుడు గీసిన గీతలు అందులో ఉన్నాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది లక్ష్మణుడి నవ్వు. అడవిలో తన దగ్గరికొచ్చిన నిద్రాదేవిని, ‘పద్నాలుగేళ్లు ఊర్మిళ దగ్గర ఉండు, పట్టాభిషేకం నాడు రా’ అని పంపేస్తాడాయన. ఆమె మాట తప్పకుండా సరిగ్గా ఆ రోజే, నిండు సభలో వచ్చి నిలబడుతుంది. లక్ష్మణుడికి నవ్వు ఆగదు. ఎందుకు నవ్వాడో ఎవరికీ తెలియదు. సభలో ఎవరి లోపం వాళ్లకు గుర్తొచ్చి, తననే చూసి నవ్వాడని ఒక్కొక్కరూ ముడుచుకుపోతారు. ఏడువందల ఏళ్ల కిందటి ఆ సన్నివేశంలో సినిమాకు కావలసిందంతా ఉంది.

నిజానికి అది తెరకెక్కింది కూడా, మేకతోలు బొమ్మల మీదుగా. తెలుగునాట తోలుబొమ్మలాటకు ఆధారం ఎక్కువగా రంగనాథ రామాయణమే. వెలుతురు పారేంత పలచగా తోలు గీకి, రెండు వైపులా రంగులద్ది, కీళ్లను దారంతో బిగించి, తెర వెనక దీపం పెడితే మనిషెత్తు రావణుడు కదులుతాడు. యుద్ధమొస్తే ఆటగాళ్లు కాళ్ల కింది చెక్కపలకలు దడదడలాడిస్తారు. కథ మరీ బరువెక్కినప్పుడు జుట్టుపోలిగాడూ బంగారక్కా దూరి, అచ్చు వేయలేని హాస్యంతో జనాన్ని తెల్లారేదాకా మేలుకొలుపుతారు. ఈ కళను పట్టుకుని బతికిన నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

బుద్ధారెడ్డి తర్వాతి ఆరేడు వందల ఏళ్లను రెండు వాక్యాల్లో దాటేస్తున్నాను, క్షమించాలి. కాకతీయులు పోయారు, సుల్తానులొచ్చారు, సోమనాద్రి గద్వాల కోట కట్టించాడు. గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాముకు కప్పం కడుతూనే కవులకు శాలువాలు కప్పాయి, తిరుపతి వేంకట కవులు అవధానాలు చేసి సత్కారాలు అందుకుని వెళ్లారు.

ఇప్పుడు అసలు కథ. 1983లో యుగో సాకో అనే జపాన్ డాక్యుమెంటరీ దర్శకుడు మన దేశం వచ్చాడు. అలహాబాద్ దగ్గర శృంగవేరపురంలో పురావస్తు శాస్త్రవేత్త బి.బి.లాల్ జరిపిన తవ్వకాల మీద సినిమా తీయడం ఆయన పని. జపాన్ వాళ్లు రామాయణమే తీస్తున్నారని ఒక ఇంగ్లిష్ పత్రిక పొరపాటున రాసింది. వెంటనే విశ్వహిందూ పరిషత్ నుంచి ఢిల్లీలోని జపాన్ రాయబార కార్యాలయానికి నిరసన లేఖ వెళ్లింది: రామాయణం మా జాతి సంపద, పరదేశి ఇష్టమొచ్చినట్టు తీస్తే ఒప్పుకోం అని. సాకో వెళ్లి విషయం విడమరిచి చెప్పాడు. అపార్థం తొలగిపోయింది గానీ, లేనిపోని వార్త ఆయన బుర్రలో నిజమై కూర్చుంది. జపాన్ భాషలో దొరికిన రామాయణాలు ఒక్కొక్కటే చదివాడు. దేవుడి పాత్రను నటుల కంటే బొమ్మలే బాగా మోస్తాయని తేల్చుకున్నాడు. మన తోలుబొమ్మలవాళ్లను అడిగి ఉంటే ఆ ముక్క ముందే చెప్పేవాళ్లు.

కలిసి తీద్దామని మన ప్రభుత్వాన్ని అడిగితే, రామాయణం సున్నితమైన విషయం, కార్టూన్‌గా తీయలేమని జవాబొచ్చింది. అయోధ్య వివాదం రాజుకుంటున్న రోజులవి. సాకో వెనక్కి తగ్గలేదు. నిర్మాణం జపాన్‌లోనే మొదలైంది. భారతీయ యానిమేషన్‌కు పెద్దదిక్కు రామ్‌మోహన్, జపాన్ దర్శకుడు కోయిచి ససాకి సాకోతో చేయి కలిపారు. దాదాపు 450 మంది చిత్రకారులు పనిచేశారు. పంచెకట్టు ఎలా ఉండాలి, నమస్కారం ఎలా పెట్టాలి వంటివి మనవాళ్లు చెబుతుంటే జపాన్ కుంచెలు గీశాయి. కంప్యూటర్ మీద ఆనుకునే కాలం ఇంకా రాలేదు, బొమ్మలన్నీ చేత్తో గీసినవే. సంగీతం వనరాజ్ భాటియాది, పాటలు సంస్కృతంలో. హిందీలో రాముడికి గొంతిచ్చింది దూరదర్శన్ రాముడు అరుణ్ గోవిలే, రావణుడికి అమ్రిష్ పురి.

1993 జనవరిలో ఢిల్లీ అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ను చూపించారు. బాబ్రీ మసీదు కూలి అప్పటికి నెల రోజులు దాటింది. అలాంటి వేళ రాముడి సినిమా దేశమంతా థియేటర్లలో పండగలా ఆడే అవకాశం ఎక్కడిది? చివరికి అది పిల్లల టీవీ చానల్‌లో బతికింది. 2000లో అమెరికాలో మరో రూపంలో వచ్చినప్పుడు బ్రయాన్ క్రాన్స్టన్ రాముడయ్యాడు. సాకో 2012లో పోయాడు, రామ్‌మోహన్ 2019లో. 2025 జనవరి 24న సినిమాకు మెరుగులు దిద్ది హిందీ, తమిళం, ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ థియేటర్లకు తెచ్చారు. ఆ విడుదలలో ‘బాహుబలి’ రచయిత విజయేంద్రప్రసాద్ చేయీ ఉంది. 32 ఏళ్లు ఆలస్యం. రాముడి వనవాసం కంటే రెట్టింపు దాటింది.

ఇక్కడి నుంచి కథ నా చేతికి చిక్కడం లేదు. పిల్లలకు జపాన్ అంటే సాకో కాదు, డోరేమాన్. ఆ నీలిపిల్లి 2014లో ‘స్టాండ్ బై మీ డోరేమాన్’తో కంప్యూటర్ యానిమేషన్‌లోకి దూకి, ఇంటిల్లిపాదీ చూసే వినోదమైంది. హైదరాబాద్‌లో 2008 నుంచి ఛోటా భీమ్ లడ్డూలు తింటున్నాడు. అంతకు రెండేళ్ల ముందే వచ్చిన తెలుగు యానిమేషన్ చిత్రం ‘కిట్టు’ జాతీయ అవార్డు అందుకుంది. ఎంతమంది చూశారో నాకు అనుమానమే. 2025లో ‘మహావతార్ నరసింహ’ మాత్రం థియేటర్లు నింపింది, బొమ్మల దేవుడికి టికెట్లు తెగవన్న మాటను తుడిచేసింది. 2016లో మూడు ముక్కలై వేర్వేరు జిల్లాలైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సీమ పేరు మాత్రం ఈ బొమ్మల సినిమాల లెక్కల్లో ఎక్కడా లేదు.

హైదరాబాద్‌లో యానిమేషన్ స్టూడియోలు నడిపేవాళ్లకు ఒక మాట. తెలుగువాడు తెలుగులో రాసిన రామాయణం మీ చేతిలోనే ఉంది. నందివడ్డెమాన్ కారులో రెండు మూడు గంటల దూరం. ఏడు కాండలూ వద్దు, ముందు లక్ష్మణుడి నవ్వు ఒక్కటి తీయండి. పది నిమిషాల బొమ్మ చాలు. మరో జపాన్ వాడు వచ్చి తీసేలోగా తీయండి.