ఎత్తిన షట్టరు దిగకపోతే

విజయవాడ దగ్గర బ్యారేజీ వదిలిన కృష్ణ నీరు లాకులు, తూములు దాటుకుంటూ బందరు శివారుకు చేరుతుంది. ఆపైన గిలకలదిండి, సముద్రం. ఈ డెల్టాలో పుట్టినవారికి షట్టరు సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. చేను అడిగితే కాలువ చూసే లస్కరు ఎత్తాలి, తడి చాలాక దించాలి. గాడిలో రాయి ఇరుక్కుని షట్టరు దిగకపోతే కింది చేలన్నీ ముంపే.

మన కణంలోనూ అలాంటి షట్టరు ఉంది. పేరు రాస్. 189 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీను. కణం పొరకు లోపలివైపు అంటుకుని ఉంటుంది. జీటీపీ అనే అణువును పట్టుకుంటే ‘పెరుగు, రెండుగా చీలు’ అన్న కబురు లోపలికి వెళ్తుంది. ఆ జీటీపీ నుంచి ఒక ఫాస్ఫేటు తెగిపోతే కబురు ఆగుతుంది. రాస్ తనంతట తాను దాన్ని తెంచుకోవడానికి చాలాసేపు పడుతుంది. అందుకని గ్యాప్ అనే ఇంకో ప్రొటీను వచ్చి చప్పున తెంచేస్తుంది. మన లస్కరు చేసే పనే అది. జీటీపీకి దగ్గరి చుట్టమైన ఏటీపీని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి వెలికితీసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావేనని ఇక్కడ తలుచుకోవాలి.

ఎలుకల్లో సార్కోమా కణుతులు పుట్టించే వైరస్‌ల నుంచి రాస్‌కు ఆ పేరు వచ్చింది. మనిషికి దానితో పనేమిటన్నది తేలింది 1982లో. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి, అమెరికా జాతీయ కేన్సర్ సంస్థలో బార్బాసిడ్ తదితరులతో కలిసి, మూత్రాశయ కేన్సర్ కణాల్లోని రాస్ జన్యువును మామూలు జన్యువు పక్కన పెట్టి చదివారు. ఒక్క అక్షరం తేడా! జీ ఉండాల్సినచోట టీ. దానివల్ల ప్రొటీనులో 12వ స్థానంలో గ్లైసీన్ పోయి వాలీన్ వచ్చింది. వైన్‌బర్గ్, విగ్లర్ అనే శాస్త్రవేత్తల బృందాలూ ఆ ఏడే ఇదే మాట చెప్పాయి. సుమారు 300 కోట్ల అక్షరాల మనిషి జన్యురాశిలో ఒక్క అక్షరం! తెలుగు పిల్లలకు ఈ కథ బడిలోనే చెప్పాలని నా గట్టి కోరిక.

అమైనో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నది గ్లైసీన్. దానికంటే లావైన వాలీన్ గాడిలో రాయిలా అడ్డుపడుతుంది. లస్కరు వచ్చినా షట్టరు దిగదు. ‘చీలు’ అన్న కబురు ఆగక కణం చీలుతూనే ఉంటుంది. క్లోమ కేన్సర్లలో నూటికి దాదాపు 90లో రాస్ కుటుంబంలోని కేరాస్ ఇలాగే చెడి ఉంటుంది.

నున్నటి ఈ ప్రొటీను మీద మందుకు పట్టు దొరకదని దశాబ్దాల పాటు అనుకున్నారు. 2013లో శాస్త్రవేత్త షోకాట్ బృందం ఒక సందు పట్టుకుంది. 2021 మేలో సోటోరాసిబ్ అనే తొలి మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. 12వ స్థానంలో సిస్టీన్ చేరిన కేరాస్‌నే అది అదుపు చేస్తుంది. 1982లో దొరికిన వాలీన్ మీద అది పనిచేయదు.