హక్కు ఒరిగిన నేల

1978 సెప్టెంబర్‌లో జగిత్యాల వీధులు పల్లెజనంతో నిండిపోయాయి. వెట్టి చెయ్యబోమని, దొరలు కలుపుకున్న బంజరు తమదేనని, దండుగల కింద గుంజిన పైసలు వాపసు ఇయ్యాలని వేలమంది కూలీలు, రైతులు నడిచారు. అదే జగిత్యాల జైత్రయాత్ర. అక్టోబర్‌లోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు.

ఇక్కడ భూమి కోసం జనం లేచిన ఏడాదే ఢిల్లీలో భూమి మీది హక్కు ఒరిగింది. 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల్లోంచి జారి, 1979 జూన్ 20 నుంచి 300-ఎ అధికరణంలో సాదా హక్కుగా మిగిలింది. భూసంస్కరణలకు పెద్ద ఆసాములు ఆ హక్కునే అడ్డం పెట్టుకున్న మాట నిజమే. కానీ గుంట గుంట కూడబెట్టుకున్న చిన్న రైతు నెత్తిమీది గొడుగూ దానితోనే పోయింది. ఆనాడు దానికి ఏడ్చినవాళ్ళు తక్కువ.

ఏడుపు 2023 జనవరిలో వినిపించింది. జగిత్యాల మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో నర్సింగాపూర్, తిమ్మాపూర్, అంబారిపేట వంటి ఊళ్ళ రైతులు తమ పొలాల మీద కొత్త రంగులు చూశారు. రిక్రియేషన్ జోన్, పబ్లిక్ జోన్. పట్టా రైతుదే, పాసుబుక్కూ రైతుదే. కానీ జోన్‌లో పడ్డ భూమిని బిడ్డ పెళ్ళికి అమ్మబోతే కొనేదెవరు? కామారెడ్డి దగ్గర అలాంటి ప్లాన్ భయంతోనే ఒక రైతు ప్రాణం తీసుకున్నాడని ఇంటివాళ్ళు గుండెలు బాదుకున్నారు. జనం రోడ్లెక్కాక, జనవరి 20న రెండు మున్సిపాలిటీలూ ముసాయిదాల రద్దుకు తీర్మానించాయి.

సిరిసిల్ల వైపు మిడ్ మానేరు జలాశయం ముంపు ఊళ్ళకు ఇచ్చింది చాలలేదన్న గోడు ఇంకా ఉంది. అయినా అక్కడ భూమి పోయిందని సర్కారు ఒప్పుకుంది, లెక్క కట్టింది. జోన్ రంగు పడ్డ రైతుకు ఆ ఒప్పుకోలూ లేదు. భూమి వాడకం మీద ఆంక్ష మితిమీరితే అది దాన్ని లాక్కోవడమేనని 1922లోనే అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన సుప్రీంకోర్టు కూడా 2005లో రాజు జెఠ్మలానీ కేసులో, ప్రైవేటు స్థలాన్ని ప్లాన్‌లో పార్కుగా చూపినా, సేకరించనిదే దాన్ని అమలు చేయడం కుదరదంది. సేకరణ అంటే పరిహారం.

పట్టణానికి పార్కు కావాలి, రోడ్డు కావాలి, కాదనను. మళ్ళీ ప్లాన్ గీసేవాళ్ళను ఒక్కటే అడుగుతున్నాను: పొలం మీద రంగు వేసేముందు ఆ రైతు గడప తొక్కండి. ఎప్పుడు తీసుకుంటారో, ఎంత ఇస్తారో కాగితం మీద రాసివ్వండి. రాసివ్వలేకపోతే ఆ సర్వే నంబరు జోలికి పోకండి.