పెరుగుతోడు చరిత్ర – భీమవరం నుండి మాదాపూరు వరకు

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయమై ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. చార్మినారు గురించీ గోలకొండ గురించీ వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను పెరుగుతోడు గురించి వ్రాస్తున్నాను. నవ్వకండి, కారణం ఉంది.

రెండేళ్ళ క్రితం నాకు పంటి వాపు వచ్చింది. ఇంట్లో మిగిలి ఉన్న యాంటీబయాటిక్ మాత్రలను డాక్టరును అడగకుండా వారం రోజులు మింగాను. వాపు తగ్గింది గాని విరేచనాలు పట్టుకున్నాయి. పదిహేను రోజుల్లో మనిషిని సగమయ్యాను. చివరకు కొండాపూర్‌లో మా అబ్బాయి ఇంటికి దగ్గరలోని ఆస్పత్రిలో చేర్చి సెలైను ఎక్కించారు. అక్కడి డాక్టరమ్మ, మా మనవరాలి వయసు పిల్ల, “తాతగారూ, ఆ మాత్రలు చెడ్డ క్రిములతోపాటు మీ పేగుల్లో మేలు చేసేవాటిని కూడా చంపేశాయి” అన్నది. క్రిములలో మేలు చేసేవి కూడానా అని ఆశ్చర్యపోయాను. ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళు చూసినవాణ్ణి. పాత కాగితాలు తిరగేయందే నిద్రపట్టదు గదా! తేరుకున్నాక చదవడం మొదలుపెట్టాను.

తోడు అనండి, చేమిరి అనండి, అందులో పని చేసేవారిలో ముఖ్యమైన కుటుంబం పేరు లాక్టోబాసిల్లేసీ. పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ పులుపుకు పాలు తోడుకుంటాయి, కుళ్ళబెట్టే క్రిములు వెనక్కు తగ్గుతాయి. మన నోటిలో, పేగుల్లో, స్త్రీల జననాంగంలో కూడా ఇవి ఉంటాయి. అలాగని అన్నిచోట్లా మంచివే అనుకోరాదు. పళ్ళు పుచ్చడంలో వీటికీ వాటా ఉంది. 2020లో శాస్త్రజ్ఞులు లాక్టోబాసిల్లస్ అనే ఒక్క ప్రజాతిని 25గా విడగొట్టారు. ఇడ్లీపిండిని పులియబెట్టే ల్యూకోనోస్టాక్‌ను కూడా ఈ కుటుంబంలోనే విలీనం చేశారు. శాఖల విభజన, విలీనం చూసిన మనకు ఇది కొత్తేమీ కాదు.

పెరుగుకు శాస్త్ర గౌరవం తెచ్చినవాడు పారిస్ పాశ్చర్ సంస్థలోని మెచ్నికాఫ్. 1908లో నోబెల్ బహుమతి పొందిన ఈయన, బల్గేరియా పల్లెవాసుల దీర్ఘాయువుకు పుల్లని పాలే కారణమని నమ్మాడు. ఆ పెరుగులోని క్రిమి మన పేగుల్లో కాపురం పెట్టదని తరువాతివారు తేల్చారు. నమ్మకం కొంత మిగిలింది, వ్యాపారం చాలా మిగిలింది.

నన్ను కదిలించిన కథ మాత్రం మన భీమవరంలో మొదలవుతుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో సంగ్రహణితో పోయారు. ఇంగ్లీషులో దీనిని స్ప్రూ అంటారు. చిన్నపేగులో ఉండకూడని క్రిములు పెరిగి లోపలి పొర దెబ్బతింటుంది, తిన్నది ఒంటికి పట్టదు, రక్తం విరిగిపోతుంది. మా పెదనాన్నగారు కూడా నేను పుట్టకముందు, 1944లో, దీనితోనే పోయారని మా నాయనమ్మ చెప్పేది. వైద్యులు ఆయనకు మజ్జిగ ఒక్కటే ఇచ్చారట. గ్రహణికి మజ్జిగ శ్రేష్ఠమని ఆయుర్వేదం చెప్పిన మాట నిజమే, కాని అది చాలలేదు.

సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో పనిచేసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళారు. ఆయన నాయకత్వంలోని బృందం కాలేయంలో దాగిన ఒక విటమిన్ కోసం వెదకింది. ఎక్కడుందో కనిపెట్టే పరికరమేమిటనుకున్నారు? లాక్టోబాసిల్లస్ కేసి, మన పెరుగు కుటుంబపు క్రిమి! ఆ విటమిన్ లేనిదే అది పెరగదు. కాలేయపు సారాన్ని భాగాలుగా విడగొట్టి ఒక్కొక్కటీ దానికి వేస్తారు. ఏ గొట్టంలో క్రిమి పెరిగి పులుపు పుట్టిందో ఆ భాగంలో విటమిన్ ఉన్నట్టు. అందుకే దానిని మొదట ‘కేసి ఫ్యాక్టర్’ అనేవారు. అదే ఫోలిక్ ఆమ్లం. 1945లో కృత్రిమంగా తయారు చేశారు, అనతికాలంలోనే టామ్ స్పైస్ అనే వైద్యుడు స్ప్రూ రోగులకిచ్చి గుణం చూపించాడు. మా పెదనాన్నగారు పోయిన మరుసటి సంవత్సరమే! ఈ మాట చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

1948లో అదే ప్రయోగశాల నుండి, డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుని చేతిమీదుగా, ఆరియోమైసిన్ వచ్చింది; టెట్రాసైక్లిన్ జాతిలో అదే మొదటిది. తరువాతి కాలంలో సంగ్రహణికి ఫోలిక్ ఆమ్లమూ, టెట్రాసైక్లిన్ రెండూ కలిపి ఇచ్చారు. క్రిమి సాయంతో దొరికిన మందు ఒకటి, క్రిమిని చంపే మందు మరొకటి. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఇక మాదాపూరు సంగతి. 1998 నవంబరు 22న వాజపేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు నేను సీనియర్ అసిస్టెంటును. కంప్యూటర్లకూ కడుపుకూ సంబంధం ఉంటుందని ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి కాదు. అదే మాదాపూరులో, సాఫ్ట్‌వేర్ యూనిట్స్ లేఅవుట్‌లోని టాటా కన్సల్టెన్సీ పరిశోధకులు, కలకత్తా కలరా పరిశోధన సంస్థవారితో కలిసి 2011లో ఒక పరిశీలన ప్రచురించారు. పోషకాహారం లేని ఒక బిడ్డ మలంలోని క్రిముల డీఎన్ఏను ఆరోగ్యవంతుడైన బిడ్డదానితో పోల్చారు. వచ్చిన తపాలాను సెక్షన్లవారీగా విడదీసినట్టు, లక్షల డీఎన్ఏ ముక్కలను కంప్యూటరు కుటుంబాలవారీగా విడదీస్తుంది. బక్కబిడ్డ పేగులో రోగకారక క్రిములు మెండుగా కనిపించాయి. 2014లో ఇరవైమంది పల్లె పిల్లలను పరిశీలించి, అందరిలోనూ ఉండే 23 ప్రజాతులను గుర్తించారు. ఆహారం పెట్టినా ఒంటికి పట్టకపోవడానికి ఈ క్రిములు కూడా కారణం కావచ్చునన్నమాట. పెదనాన్నగారి రోగపు ఛాయ ఇక్కడా కనిపించింది నాకు.

పెద్దపేగులో పెరుగు కుటుంబం వాటా సాధారణంగా నూటికి ఒక వంతు కూడా ఉండదు. అయినా ఒడిశా గ్రామాలలో నాలుగున్నర వేలకు పైగా శిశువులపై జరిగి, 2017లో ప్రచురితమైన పరీక్షలో, పుట్టిన కొద్దిరోజులకే ఈ కుటుంబపు ప్లాంటారమ్ అనే క్రిమిని పోషక చక్కెరతో కలిపి ఇస్తే, రక్తదోషమూ మరణమూ కలిపి నలభై శాతం తగ్గాయి. అది ఎంచిన ఒక రకం, కొలిచిన మోతాదు. దుకాణంలోని ప్రతి ‘ప్రోబయాటిక్’ డబ్బాకూ ఆ ఫలితం అంటగట్టరాదు.

మాత్రలు ఇప్పుడు చీటీ లేనిదే ముట్టడం లేదు. మా మనవరాలు ఉద్యోగానికి దగ్గరని నానక్‌రామ్‌గూడలో అద్దెకు చేరినప్పుడు మా ఆవిడ స్టీలు గిన్నెలో తోడు ఇచ్చి పంపింది. మొన్న మేము ఊరెళ్ళి వచ్చేసరికి మా ఇంటి తోడు చెడిపోయింది. ఆ పిల్ల దగ్గర నుండే తిరిగి తెచ్చుకున్నాం.