శరత్కాలమున త్రికూటాద్రి చుట్టుపట్ల పక్షులు

కోటప్పకొండను గూర్చి చెప్పుకొను కథలలో పక్షి ప్రసక్తి గలది యొకటి కలదు. గొల్లభామ ఆనందవల్లి రుద్రశిఖరముపై నున్న జంగమదేవరను నిత్యము సేవించుచుండగా, ఒకనాడు ఆమె తెచ్చి యుంచిన కడవపై కాకి వాలి దానిని దొర్లించినదనియు, ఆమె కోపించి ఈ కొండపై కాకులు వాలకుండుగాక యని శపించినదనియు భక్తులు చెప్పుదురు. నాటినుండి త్రికూటాద్రిపై కాకి వాలదని పల్నాటి సీమలో ప్రతీతి. విశ్వాసమును తర్కించుట ఈ వ్యాసమున కుద్దేశము కాదు. కాకి మనుష్యుని ముంగిట, వాని యెంగిలి మెతుకులపై బ్రతుకు పక్షి గదా, ఇండ్లు లేని రాతికొండపై దానికి పనియేమి యని యడుగువారును లేకపోలేదు. ఏది యెట్లున్నను, ఒక పక్షి లేకుండుటను సైతము గుర్తించి తరతరములుగా చెప్పుకొన్న జనులు ఉన్న పక్షులను చూడకయుండిరని తలపరాదు.

చూచుట కనువైన కాలము శరత్తు. ఆశ్వయుజమున వానలు వెనుకబట్టి, ఆకాశము తేటపడి, వాగులలో నీరు నిలకడకు వచ్చిన పిమ్మట చెరువుగట్టులపై కాటుకపిట్టలు తోకలాడించుచు కానవచ్చును. సంస్కృత కవులు కన్నులకు పోలికగా చెప్పిన ఖంజనము ఇదియే. 6వ శతాబ్దమువాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఈ చిన్నపిట్టకొరకు ఒక అధ్యాయమునే వ్రాసెను. ఆ యేట అది మొదట నే చోట కంటబడినది, ఆ చోటు శుభ్రమైనదా కాదా యనుదానినిబట్టి ఫలములు చెప్పెను. ఫలముల మాట అటుండనిండు. ఈ పక్షి ఏడాదిలో నొక కాలమున వచ్చి మరియొక కాలమున మాయమగునను సత్యమును ఆనాటివారెరుగుదురని దీనివలన తేలుచున్నది. ఖంజన జాతులలో నొకటి మన నీటిపట్టులయందే ఏడాది పొడవున నుండును. మిగిలినవి హిమాలయములనుండియు, వానికావలి ఉత్తరదేశములనుండియు శీతకాలము గడుపుటకు వచ్చి వేసవి ముదరకమునుపే మరలిపోవును.

విజయదశమినాడు పాలపిట్టను చూచుట తెలుగువారి ఆచారము. ఇది పరదేశపు పక్షి కాదు. వేసవిలో చెట్టు తొర్రలలో పిల్లలను చేసి, వానలు తగ్గిన పిదప మెట్టచేల అంచులకు, నేడైనచో కరెంటు తీగలమీదికి చేరి మిడుతల కొరకు కాచుకొని కూర్చుండును. దసరానాటికి ఇది సులభముగా కనబడుటకు ఈ నడవడియే కారణమై యుండవచ్చును. కనబడిన పక్షికి మ్రొక్కుట యొకటి, దానిని పట్టి పంజరమున బెట్టి యింటింట చూపి పైకము దండుట మరియొకటి. రెండవది ఆచారము కాదు, క్రౌర్యము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే అది నేరము కూడ నైనది.

మెట్టసేద్యపు పల్నాటిలో శరత్తు అనగానే జొన్నచేను, మంచె, వడిసెల. జొన్న కంకి పాలుపట్టు వేళకు గులాబి వన్నె యొడలు, నల్లని తలయు గల పలిసపిట్టలు మబ్బువలె దిగును. మధ్య ఆసియా ప్రాంతములలో గ్రుడ్లు పెట్టి, వలసపక్షులలో నెల్ల ముందుగా మన దేశమునకు వచ్చు పక్షులివి. రైతునకు శత్రువులు, అయితే మిడుతల దండు వచ్చినప్పుడు మిత్రములు. మంచెపై కూర్చున్న కాపుకు ఈ రెండును తెలిసినవే.

తెలిసినవారు వ్రాయలేదు. వ్రాసినవారు పరదేశీయులు. 1845లో గుంటూరు సీమకు అధికారియై వచ్చి, అమరావతి దిబ్బను త్రవ్వించిన వాల్టర్ ఇలియట్ తెలుగు నేర్చి, చెట్ల తెలుగు పేరులను కూర్చి 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ను ప్రకటించెను. అతని స్నేహితుడైన వైద్యుడు జెర్డన్ 1862–64 నడుమ వెలువరించిన భారతపక్షుల గ్రంథమున శాస్త్రనామము ప్రక్కన తెలుగు పేరును కూడ చేర్చెను. ఆ పేరులు వేటగాండ్రనుండియు, పల్లెవారినుండియు గ్రహించినవే గాని వారి సొంత కల్పనలు కావు. గ్రంథాలయములందు నిఘంటువుల బీరువాలో నుండు బ్రౌను నిఘంటువును తిరుగవేసినను ఇట్టి పిట్టల పేరులెన్నో అగపడును. 1852 నాటి ఆ గ్రంథమును 1903లో సవరించినవారిలో వీరేశలింగం పంతులుగారితోపాటు డబ్ల్యు. హెచ్. కాంబెల్ అను మతబోధకుడుండెను. అతడు పక్షి పరిశీలకుడు కూడ. 1900లో అనంతపురము దగ్గర కలివికోడిని చూచినవాడు అతడే. పిమ్మట 86 సంవత్సరములు ఆ పక్షిని చూచినట్లు లెక్కకెక్కలేదు. 1986 జనవరిలో కడప జిల్లాలో అది మరల దొరికినది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు వెదకగా, దానిని గుర్తించి చూపినది స్థానికులైన అడవి యెరిగిన తెలుగువారే. పుస్తకములో పోయిన పక్షి పల్లెలో పోలేదన్నమాట!

కోటప్పకొండ పరిసరముల పక్షిచరిత్రలో పెద్ద మలుపు 1967 ఆగస్టు 4. ఆ దినమున నాగార్జునసాగరపు కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ నీరు నరసరావుపేట ప్రాంతమున కందిన పిదప, జొన్నయు వరిగయు పండిన చేలలో వరి, ప్రత్తి, మిరప లేచినవి. రైతు బ్రతుకు తేరుకొన్నది. దానిని కాదనుట అన్యాయము. కాని బీడు పైరైనచోట కృష్ణజింకకు పరుగిడ తావుండదు. కంచెలు, తుప్పలు కొట్టివేసినచోట కౌజు, పూరేడు నిలువవు. బట్టమేకపిట్టకైతే ఎండుగడ్డి మైదానము తప్ప వేరు గతి లేదు. దానికై 1988లో కర్నూలు సీమ రోళ్ళపాడున అభయారణ్యమేర్పడినను, అచ్చటను అది క్షీణించినది. కృష్ణజింక ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర మృగము. బిరుదు దక్కినది, బీడు దక్కలేదు.

నీరు పెరిగినచోట నీటిపక్షులు చేరును. మడులలో కొంగలు, నత్తగుల్లకొంగలు, కాలువగట్లపై లకుముకి పిట్టలు నేడు శరత్కాలపు దృశ్యములు. పెద్దపక్షుల సంగతి వేరు. కొల్లేటి దాపున ఆరేడు గ్రామమున తాడిచెట్లపై గూడబాతులు వేలుగా గూళ్ళు కట్టుటను 1946లో కె. కె. నీలకంఠన్ కనుగొని లోకమునకు తెలిపెను. 1970 తరువాతి కొద్ది యేండ్లకే ఆ కొలువు చెదరిపోయినది. చెట్లు పోయినచోట పక్షి నిలువదు. అందుకు మారుమాటగా గుంటూరు చెంత ఉప్పలపాటి చెరువు కలదు. ఆ చెరువులోని తుమ్మచెట్లపై గూడబాతులును, ఎర్రకాళ్ళకొంగలును భాద్రపద ఆశ్వయుజములనుండి చేరి గూళ్ళు కట్టుచున్నవి. చెట్లు చాలనిచోట ఇనుప కొమ్మలు కూడ నిలిపిరి. ఊరివారు తుపాకి కాల్చనీయక, చెట్టు కొట్టనీయక కాచుటచే ఏటేట అవి ఆ చెరువును విడువక వచ్చుచున్నవి.