అరటిపండ్ల నిల్వ

గెల నుంచి కోసిన తరువాత కూడా అరటి పండుతూనే ఉంటుంది. కాయలో పుట్టే ఇథిలీన్ వాయువు పిండిపదార్థం చక్కెరగా మారడాన్ని వేగిరపరుస్తుంది. రావులపాలెం మార్కెట్ నుంచి వచ్చిన చక్రకేళి అయినా, కర్పూర అయినా ఇదే తీరు.

అందుకే అత్తాన్ని ప్లాస్టిక్ సంచిలో మూసి ఉంచకూడదు. వాయువు, తేమ లోపలే నిలిచి పండ్లు త్వరగా మెత్తబడతాయి. నీడలో, గాలి ఆడేచోట కొక్కేనికి వేలాడదీస్తే అడుగు పండ్లు నలగవు. ఆపిల్, మామిడి కూడా ఇథిలీన్ వదిలేవే కాబట్టి వాటికి దూరంగా ఉంచాలి.

పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టడం పొరపాటు. సుమారు 13 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలికి అది దెబ్బతిని, బయటికి తీసినా సరిగా పండదు.

బాగా పండినవాటిని మాత్రం కొన్ని రోజులు ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. తొక్క నల్లబడినా లోపలి గుజ్జు బాగానే ఉంటుంది. రంగు చూసి పారేయవద్దు.