మాక్యులా క్షీణత: జబ్బు కనబడిన నాటి నుంచి మందు దొరికేదాకా

రెటీనా నడిమధ్య, ఎదుటి మనిషి ముఖాన్నీ పుస్తకంలోని అక్షరాన్నీ తేటగా చూపే చిన్న భాగాన్ని మాక్యులా అంటారు. వయసు పైబడినవారిలో అది దెబ్బతిని, పక్కచూపు మిగిలి ఉండగానే నడిమి చూపు చెదిరిపోవడమే మాక్యులా క్షీణత. శుక్లంలా పైకి కనబడే జబ్బు కాదు కనుక, 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలి పొరలను చూపే ఆఫ్తాల్మోస్కోప్‌ను ప్రకటించేవరకు వైద్యులకు దీని ఆనవాలే తెలియలేదు. 1874లో ఇంగ్లండులో హచిన్సన్, టే అనే వైద్యులు వృద్ధుల కళ్లలో ఈ మార్పులను వర్ణించారు గాని, ఆ తరువాత వందేళ్లదాకా వైద్యం చూడగలిగిందే తప్ప ఆపలేకపోయింది.

ఆ నిస్సహాయ కాలంలోనే, 1940లలో, స్విస్ వైద్యుడు మార్క్ ఆమ్స్లర్ రోగి చేతికే ఒక సాధనం ఇచ్చాడు. పది సెంటీమీటర్ల చదరంలో అడ్డంగా, నిలువుగా గీతలు, నడుమ ఒక చుక్క. చదువుకునే అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి, రెండో కంటితో చుక్కనే చూస్తున్నప్పుడు గీతలు వంకర పోయినా, కొన్ని గళ్లు మాయమైనా వెంటనే వైద్యుణ్ణి కలవాలి. ఇంత నిరాడంబరమైన పరీక్ష నేటికీ వాడుకలో ఉండడం దాని విలువకు సాక్ష్యం.

ఈ జబ్బులో రెండు రూపాలున్నాయి: పొర మెల్లగా క్షీణించే పొడి రకం, రెటీనా కింద కొత్త రక్తనాళాలు మొలిచి నీరు, నెత్తురు కారే తడి రకం. 1980లలో ఆ నాళాలను లేజరుతో కాల్చేవారు. అవి సరిగ్గా నడిమి చూపు కిందే ఉంటే, వాటితోపాటు పైనున్న రెటీనా కూడా కాలి శాశ్వతంగా చూపు పోయేది. కాల్చకపోతే కాలక్రమంలో అంతకన్నా ఎక్కువ పోతుందన్న లెక్కతో చేసిన ఆ చికిత్స వైద్యులకూ రోగులకూ ఎంత బాధాకరమో ఊహించవచ్చు.

దారి క్యాన్సర్ పరిశోధన నుంచి వచ్చింది. కణితి కొత్త రక్తనాళాలను తనవైపు రప్పించుకుని పెరుగుతుందని 1971లో అమెరికా వైద్యుడు జూడా ఫోక్‌మన్ ప్రతిపాదించగా, నాళాలను మొలిపించే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను 1989లో నపోలియోనే ఫెరారా బృందం వేరుచేసింది. ఆ ప్రొటీన్‌ను అడ్డగించే రానిబిజుమాబ్ సూదిమందుకు 2006లో అమెరికాలో అనుమతి లభించాక, పోయిన చూపు కొంతమందికి తిరిగి రావడం మొదటిసారి సాధ్యమైంది. క్యాన్సర్‌కు వాడే, ధర చాలా తక్కువైన బెవాసిజుమాబ్ కూడా చూపు విషయంలో దానికి సాటి వస్తుందని 2011లో ఒక ప్రభుత్వ అధ్యయనం తేల్చడం పేద రోగులకు పెద్ద ఊరట.

పొడి రకానికి అంతటి మలుపు రాలేదు. మధ్యస్థ దశలో కొన్ని విటమిన్లు, జింకు కలిపి వాడితే ముదిరిన దశకు చేరే ముప్పు అయిదేళ్లలో సుమారు 25 శాతం తగ్గుతుందని 2001లో తేలింది. మానుకోదగ్గ కారణాల్లో ముఖ్యమైనది పొగ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996 నుంచి 2000 వరకు హైదరాబాదుతోపాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి జరిపిన సర్వేలో, చుట్టలు ఎక్కువగా కాల్చినవారిలోనే ఈ క్షీణత అధికంగా కనబడింది.