ఎం83: దక్షిణాకాశపు సర్పిల గెలాక్సీ

మధ్యనున్న కాంతిముద్ద చుట్టూ నక్షత్రాలు, వాయువు, ధూళి బాహువులుగా మెలితిరిగి ఉండే నక్షత్ర మహాసముదాయాన్ని సర్పిల గెలాక్సీ అంటారు. అటువంటి వాటిలో ఒకటైన, మనకు సుమారు కోటిన్నర కాంతి సంవత్సరాల దూరంలో, హైడ్రా రాశిలో ఉన్న ఎం83, ఖగోళ మధ్యరేఖకు దాదాపు 30 డిగ్రీలు దక్షిణాన ఉండడం వల్ల పారిస్‌లో దిగంతానికి 11 డిగ్రీల ఎత్తుకు మించి లేవదు. చూసే చోటి అక్షాంశాన్ని బట్టి దీని ఎత్తు మారడమే దీని చరిత్రను చాలావరకు నడిపించింది.

దక్షిణాకాశాన్ని కొలవడానికి 1751లో ఆఫ్రికా దక్షిణాన ఉన్న గుడ్ హోప్ అగ్రం చేరిన ఫ్రెంచి ఖగోళవేత్త నికొలా లూయీ ద లకాయి, అరంగుళం కటకం గల చిన్న దూరదర్శినితో దాదాపు పదివేల నక్షత్రాల స్థానాలు లెక్కగట్టాడు. ఆ శ్రమలోనే 1752 ఫిబ్రవరి 23న ఆకారం తెలియని ఒక చిన్న మసక మచ్చను నమోదు చేశాడు. పాలపుంత, ఆండ్రోమెడా మొదలైనవి చేరిన స్థానిక సమూహానికి వెలుపల మానవుడు కనుగొన్న తొలి గెలాక్సీ అదేనని ఆయనకు తెలిసే వీలు లేదు, ఎందుకంటే గెలాక్సీ అన్న భావనే అప్పటికి స్థిరపడలేదు. 1781లో మరో ఫ్రెంచి ఖగోళవేత్త షార్ల్ మెస్సియే పారిస్ నుంచి దానిని అతికష్టం మీద చూసి మసక మచ్చల తన పట్టికలో 83వ సంఖ్య ఇచ్చాడు. దాని సర్పిలాకృతి బయటపడడానికి మరి ఎనభై ఏళ్లు పట్టింది. ఆంగ్ల ఖగోళవేత్త విలియం లాసెల్ మాల్టా ద్వీపంలో నాలుగడుగుల దర్పణంతో చూసి, మూడు శాఖలుగా చుట్టుకున్న రూపాన్ని వర్ణించాడు.

భారీ నక్షత్రాలు ఈ బాహువులలో విరివిగా పుట్టి త్వరగా గతిస్తాయి కనుక, 1923 నుంచి 1983 వరకు ఇందులో ఆరు సూపర్నోవాలు, అంటే నక్షత్ర విస్ఫోటనాలు, కనిపించాయి. వాటిలో చివరిదానిని 1983 జూలైలో ఔత్సాహిక పరిశీలకుడు రాబర్ట్ ఎవాన్స్ ఆస్ట్రేలియా నుంచి కంటితోనే దూరదర్శినిలో పట్టుకోగలిగాడు.

ఇక మన వైపుకు వస్తే, కర్నూలు జిల్లా కోసిగి దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున అక్కడ ఎం83 ఏకంగా 44 డిగ్రీల ఎత్తుకు, అంటే సగం ఆకాశం దాకా, వస్తుంది. పారిస్‌కు దక్కని ఈ భాగ్యం రాయలసీమ పల్లెలన్నిటికీ ఉన్నదే. వైశాఖ మాసం చివర, వానమబ్బులు పట్టకముందు, చీకటి రాత్రి పది గంటల ప్రాంతంలో చిత్తా నక్షత్రం నుంచి చాచిన చేతితో జానెడు దూరం దక్షిణంగా దిగితే అది ఉన్న చోటు వస్తుంది. 50 మిల్లీమీటర్ల సాధారణ బైనాక్యులర్ లకాయి వాడిన కటకం కంటే దాదాపు పదిహేను రెట్లు ఎక్కువ కాంతిని సేకరిస్తుంది కనుక ఆయన చూసిన మచ్చ అందులో చక్కగా దొరుకుతుంది. బాహువులు విడివడి కనిపించాలంటే మాత్రం అంతకంటే పెద్ద దర్పణం కావాలి.